దొరసానికి దగ్గు ఎవరంటించారు

జూ గేట్లు మూసేసిన రోజు సాయంత్రం క్యూరేటర్ పనివాళ్ళందరినీ క్యాంటీన్ ముందు నిలబెట్టి, లోపలే ఉండిపోవడానికి ఎవరు సిద్ధమని అడిగాడు. బయట జబ్బు ఇంటింటికీ పాకుతోంది. రోజూ ఇళ్ళకి వెళ్ళొచ్చేవాళ్ళు చింపాంజీల దగ్గరికి పోవడానికి వీల్లేదన్నాడు. మనిషికొచ్చే జలుబూ దగ్గూ వాటికీ వస్తాయి. మనిషి తట్టుకున్నంత తేలిగ్గా అవి తట్టుకోలేవు. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకుంటుంటే ముందుగా చెయ్యెత్తింది వదిన.

జూలో ఆమె అందరికీ వదినే. భర్త అక్కడే నీళ్ళ పంపులు బాగుచేసే మెకానిక్కు. అతన్ని అందరూ అన్నా అని పిలిచేవారు కాబట్టి ఈవిడ వదిన అయిపోయింది. యాభైకి రెండేళ్ళు తక్కువ. చింపాంజీల ఇంట్లో పంతొమ్మిదేళ్ళ సర్వీసు. కోపం ముక్కు మీదే ఉంటుంది. క్యూరేటర్ అయినా సరే, తడి నేల మీద బూట్లతో నడిస్తే మొహం మీదే అడిగేస్తుంది.

ఆమె వెనకే చెయ్యెత్తినవాడు నిచ్చెన. ఆరడుగుల మూడంగుళాల మనిషి, బల్బు మార్చడానికి స్టూలు అక్కర్లేనివాడు. కాంట్రాక్టు మీద చేరి మూడేళ్ళయింది. ఇంట్లో భార్య, ఇద్దరు ఆడపిల్లలు.

చింపాంజీలు నాలుగు. వాటిలో పెద్దది దొరసాని. నలభై మూడేళ్ళది. తొక్క మీద మచ్చలున్న అరటిపండు ఇస్తే వాసన చూసి, వేళ్ళ చివర్లతో పట్టుకుని, జాగ్రత్తగా తిరిగి ఇచ్చేసేది. అందుకే ఆ పేరు. గేట్లు మూసిన మొదటి వారమంతా సందర్శకులొచ్చే వేళకి, జనం బయట నిలబడి చూసే గాజు అద్దం దగ్గర చేరి, ఖాళీ దారి వంక చూస్తూ కూర్చుంది.

"ఎవరూ రారే! ముస్తాబై కూర్చున్నావెందుకు?" అని కసిరేది వదిన. కసురుతూనే బయటికెళ్ళి, అద్దానికి అవతల బెంచీ మీద కూర్చుని, టికెట్ కొనుక్కుని వచ్చినదానిలా కాసేపు చూసి వచ్చేది.

చింపాంజీల ఇంటి తలుపు మీద నిబంధనలు క్యూరేటరే స్వయంగా ఎర్ర అక్షరాలతో రాసి అంటించాడు. బయటి మనిషి ఎవరూ లోపలికి రాకూడదు. మాస్కు, గ్లవ్సు లేకుండా జాలీ దగ్గరికి పోకూడదు. బూట్లు మందునీళ్ళలో ముంచాలి. జూ దాటి వెళ్ళినవాళ్ళు పధ్నాలుగు రోజులు గడిస్తేగాని మళ్ళీ ఈ గడప తొక్కకూడదు.

నాలుగో వారంలో వదిన వాళ్ళ అక్క ఆస్పత్రిలో చేరింది. వదినకి ఆరేళ్ళప్పుడు తల్లి పోతే, పదిహేనేళ్ళ ఆ అక్కే జడలు వేసి, లెక్కలు చెప్పి, చెంపలు వాయించి పెంచింది. బావ ఫోన్ చేశాడు.

"ఊపిరి ఆడట్లేదమ్మా దానికి. నువ్వు వస్తావా అని రెండుసార్లు అడిగింది."

వదిన ఉన్నపళంగా క్యూరేటర్ గదికి వెళ్ళింది. అతను ఎప్పుడూ గొంతు పెంచే మనిషి కాదు. కుర్చీ చూపించాడు. మంచినీళ్ళు ఇచ్చాడు.

"వెళ్ళండమ్మా, నేనెలా ఆపుతాను? కానీ వెళ్తే పధ్నాలుగు రోజులు మళ్ళీ రాలేరు. నిచ్చెన ఒక్కడే అవుతాడు. వాటికేమైనా అయితే ఎవరు జవాబు చెప్తారు? మీకోసం ఒక రూలు, ఇంకొకళ్ళకోసం ఒక రూలు పెట్టలేను కదా."

ఆ మాట ఆమెకి న్యాయంగానే తోచింది. తర్వాత రోజుల్లో ఆమెని కాల్చుకుతిన్నది అదే. తనని ఎవరూ బలవంతపెట్టలేదు. నిబంధన సరైనదని నమ్మి, తనే ఆగిపోయింది.

మూడో రోజు మధ్యాహ్నం అక్క పోయింది. ఆస్పత్రి వాళ్ళు ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. బావ దూరం నుంచి ఫోన్ పట్టుకుని చూపించాడు. తెల్లటి గుడ్డలో చుట్టిన ఒక ఆకారం, వ్యాను తలుపు, దాన్ని మూస్తున్న ఒక చెయ్యి. అంతే. సిగ్నల్ పోయింది.

వదిన ఏడవలేదు. చిలగడదుంపలు తరుగుతూ కూర్చుంది. నాలుగింటికి తరగాల్సింది నలభైకి సరిపడా తరిగింది. నిచ్చెన వచ్చి, చేతిలోంచి కత్తి మెల్లగా తీసుకుని, "చాలు వదినా," అన్నాడు. ఆ రోజు పనంతా అతనే చేశాడు. ఆ సంగతి ఆమె మరిచిపోలేదు. మరిచిపోలేదు కాబట్టే తర్వాత అంత మండింది.

గేట్లు మూసిన రెండు నెలలకి బయట జబ్బు కాస్త తగ్గిందన్నారు. జూ మళ్ళీ తెరవడానికి ఏర్పాట్లు మొదలయ్యాయి. క్యాంటీన్లో దూరం దూరంగా కుర్చీలు వేసి మీటింగ్ పెట్టారు. దారులన్నిటి మీదా పసుపు రంగుతో బాణాలు గీయాలి, జనం ఒకే వైపు నడవాలి. పంజరాల ముందు నిలబడడానికి సున్నాలు చుట్టాలి. టికెట్లు ఫోన్లోనే అమ్మాలి. అడుగడుక్కీ చేతులు కడుక్కునే కుళాయిలు పెట్టాలి.

"నెమళ్ళు అప్పుడే బాణాలకి ఎదురు నడుస్తున్నాయి సార్. ఫైన్ రాయమంటారా?" అన్నాడు నిచ్చెన. చాలా రోజుల తర్వాత అందరూ నవ్వారు.

జూ డాక్టరు ముప్పై దాటని అమ్మాయి. మాట మెత్తన, కానీ మార్చదు. "చింపాంజీల ఇల్లు అందరికన్నా ఆఖర్న తెరవాలి సార్. అద్దం పైన ఖాళీ ఉంది, దగ్గితే గాలి లోపలికి పోతుంది కాబట్టి ఆరు మీటర్ల దూరంలో కట్టుదిట్టంగా కంచె కట్టాకే తెరవాలి," అంది.

క్యూరేటర్ రాసుకున్నాడు. రాసుకుని, "చైర్మన్ గారు మాత్రం రిబ్బన్ అక్కడే కట్ చేయాలనుకుంటున్నారు," అన్నాడు.

ఆ జూని నడిపే ట్రస్టుకి ఆయన చైర్మన్. ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఏనుగు పక్కన ఫోటో దిగేవాడు.

తెరవడానికి ఇంకా మూడు వారాలుందనగా, ఒక మధ్యాహ్నం వదిన దాణా గదిలో ఆపిల్ పెట్టెలు దింపించుకుంటోంది. తిరిగి వచ్చేసరికి చింపాంజీల ఇంటి వెనక తెల్ల కారు ఆగి ఉంది. పనివాళ్ళు మాత్రమే వెళ్ళే వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. తలుపు పక్కన నిచ్చెన, తాళాలగుత్తి చేతిలో పట్టుకుని, తల దించుకుని నిలబడ్డాడు.

లోపలి ఇరుకు వరండాలో జాలీని ఆనుకుని చైర్మన్, ఆయన కూతురు, ఆవిడ పిల్లలిద్దరు, ఒక ఫోటోగ్రాఫరు, వాళ్ళతోపాటు క్యూరేటర్. ఒక్కరి మొహానా మాస్కు లేదు. మాస్కుంటే ఫోటోలో మొహాలు కనిపించవు మరి. చిన్నపిల్ల జాలీ సందులోంచి బిస్కెట్ అందిస్తోంది. దొరసాని పెదవులు ముందుకు చాచి అందుకుంటోంది. చైర్మన్ కూతురు నవ్వుతూ దగ్గింది. మోచెయ్యి అడ్డం పెట్టుకోలేదు. జాలీ వైపు తిరిగే దగ్గింది. "కారులో ఏసీ పడలేదు," అంది ఎవరూ అడక్కుండానే.

వదినకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"బయటికి! అందరూ బయటికి నడవండి! ఎవరు తీశారు తలుపు?"

పిల్లలు బెదిరి తల్లి వెనక దాక్కున్నారు. క్యూరేటర్ గబగబా ఆమె దగ్గరికి వచ్చి, పళ్ళ బిగువున, "అరవకండి. ఐదే నిమిషాలు. వెళ్ళిపోతున్నారు," అన్నాడు.

"మా అక్కని చూసిరావడానికి నాకు లేకపోయాయే ఆ ఐదు నిమిషాలు!"

క్యూరేటర్ మొహం తిప్పుకున్నాడు. చైర్మన్ ఆమెని ఎగాదిగా చూసి, "ఎవరీవిడ?" అని అతన్ని అడిగాడు. ఆమెని అడగలేదు. అందరూ కారెక్కి వెళ్ళిపోయారు. బిస్కెట్ కాగితం వరండాలో పడి ఉంది. వదిన దాన్ని తీసి, మందునీళ్ళతో జాలీ అంతా రుద్ది రుద్ది కడిగింది. కడుగుతూ నిచ్చెనతో ఒక్క మాటే అంది.

"నీ చేతికి తాళం ఎందుకిచ్చానురా?"

"సార్ స్వయంగా వచ్చి తియ్యమన్నారు వదినా. కాదంటే..." అని నీళ్ళు నమిలాడు.

ఆరో రోజు దొరసాని దగ్గింది.

మొదట పొడిదగ్గు. తర్వాత ముక్కు కారడం మొదలైంది. రెండ్రోజుల్లో మిగతా మూడూ అందుకున్నాయి. డాక్టరు నమూనాలు తీసి పంపింది. పనివాళ్ళందరికీ పరీక్షలు చేసింది. వదినకి లేదు. నిచ్చెనకి లేదు. క్యూరేటర్‌కీ లేదు. చింపాంజీలకి మాత్రం ఉంది, నాలుగింటికీ.

మూడు కుర్రవి కాబట్టి గట్టెక్కాయి. దొరసాని వల్ల కాలేదు. మందు ఆవిరి పట్టే గొట్టం జాలీ దగ్గర పెడితే, తనే వచ్చి మూతి ఆనించి కూర్చునేది. ఎవరూ నేర్పలేదు, దానికే సుఖంగా అనిపించి ఉంటుంది. పక్కటెముకలు ఎగిరెగిరి పడేవి. వదిన గొట్టం పట్టుకుని గంటలకొద్దీ అలాగే కూర్చునేది. "పీల్చవే, పీల్చు. ఇంకొక్కసారి," అని గదమాయించేది. తొమ్మిదో రోజు పొద్దున ఎండ గదిలోకి వచ్చే వేళకి, గొట్టానికి ఆనించిన మూతి అలాగే ఉండి, రొమ్ము కదలడం ఆగిపోయింది.

డాక్టరు తలుపు తెరుచుకుని లోపలికెళ్ళి, చెవి పెట్టి విని, తల అడ్డంగా ఊపింది. అప్పుడేడ్చింది వదిన. అక్కకోసం రాని ఏడుపు కూడా అందులోనే వచ్చింది. ఆ ఏడుపులో దుఃఖం ఎంతో కోపం ఎంతో ఆమెకే తెలియదు.

మర్నాడు నోటీసు బోర్డు మీద కాగితం పెట్టారు. 'వయోభారంతో మృతి.' అంతే. నాలుగో రోజు వదిన చేతికి మెమో వచ్చింది. సిబ్బంది అజాగ్రత్త వల్ల జంతువులకు జబ్బు సోకినట్టు అనుమానం ఉందనీ, చింపాంజీల ఇంటి బాధ్యురాలిగా సంజాయిషీ ఇవ్వాలనీ అందులో ఉంది. బోర్డు మీదేమో ముసలితనం, మెమోలోనేమో ఈమె అజాగ్రత్త. రెండిటి కిందా సంతకం ఒకటే.

పంపు బాగుచేయడానికి వచ్చిన భర్త దూరంగా నిలబడి, ఆ కాగితం రెండుసార్లు చదివి, "రాసిచ్చెయ్యి, పోనీ, పొరపాటైందని. ఉద్యోగం నిలబడుతుంది," అన్నాడు.

"ఏం పొరపాటైందని రాయను? ఇంటికి రాకుండా మూడు నెలలు ఇక్కడే పడున్నాననా? అక్క పోతే వెళ్ళలేదనా?"

అతను కాగితం మడిచి తిరిగి ఇచ్చేశాడు.

ట్రస్టు వాళ్ళు ముగ్గురు విచారణకి కూర్చున్నారు. వదిన జరిగింది జరిగినట్టు చెప్పింది. తెల్ల కారు, వచ్చినవాళ్ళెందరు, బిస్కెట్, దగ్గు. అందరూ మర్యాదగా విన్నారు. అందులో ఒకాయన, "సాక్ష్యం ఏమైనా ఉందా?" అన్నాడు. నిచ్చెనని పిలిచారు. అతను గుమ్మంలో తల తగలకుండా వంగి లోపలికొచ్చాడు. వంగిన తల మరి ఎత్తలేదు.

"ఆ రోజు బయటివాళ్ళు ఎవరైనా వచ్చారా?"

"నాకు తెలీదండి. నేను జింకల వైపు ఉన్నాను."

వదిన కుర్చీలోంచి లేచింది.  

బయటికొచ్చాక కుళాయి దగ్గర అతన్ని పట్టుకుంది. "జింకల వైపు ఉన్నావా?"

"వచ్చే నెల కాంట్రాక్టు అయిపోతుంది వదినా. ఇద్దరు పిల్లలు. మీది పర్మనెంటు. మిమ్మల్ని తీసెయ్యలేరు."

"నన్ను తీస్తారా ఉంచుతారా అని కాదురా అడుగుతున్నది! అది ఊపిరాడక చచ్చిపోయింది. నీ కళ్ళముందే చచ్చిపోయింది. దానికి నేనంటించానని రాస్తే నీకు సరేనా?"

నిచ్చెన కుళాయి తిప్పి, నీళ్ళు పోతుంటే చూస్తూ నిలబడ్డాడు. చేతులు మాత్రం కడుక్కోలేదు.

డాక్టరు తన నివేదికలో ఉన్నదున్నట్టు రాసింది. పనివాళ్ళెవరికీ జబ్బు లేదనీ, బయటి మనుషుల నుంచే వచ్చి ఉండాలనీ రాసింది. క్యూరేటర్ ఆఖరి వాక్యం తీసెయ్యమన్నాడు. ఆమె తియ్యనంది. ఆ నివేదిక ఏ సొరుగులోకి పోయిందో మళ్ళీ కనిపించలేదు.

తెరిచే రోజు వచ్చింది. మొదటి రోజు రెండొందల మందికే టికెట్లు. పసుపు బాణాల వెంట పిల్లలు గెంతుకుంటూ వచ్చారు. మూణ్ణెల్లు ఇళ్ళలో మగ్గిన మొహాలు. వాళ్ళని చూస్తే వదినకి కోపం రాలేదు. పది గంటలకి చింపాంజీల ఇంటి ముందు రిబ్బన్ కట్టారు. ఆరు మీటర్ల కంచె లేదు. దాని బదులు తాడొకటి, అద్దానికి రెండడుగుల దూరంలో.

మిగిలిన మూడింటినీ అద్దం ముందుకి తీసుకురావడం వదినకి తప్ప ఎవరికీ చేతకాదు. అందుకే మెమో చేతిలో పెట్టి కూడా ఆ రోజు డ్యూటీకి రమ్మన్నారు. ఆమె వచ్చింది. మూడింటినీ పేరుపేరునా పిలిచి, వెనక గదుల్లోకి పంపి, కడుపునిండా పెట్టి, తలుపులు వేసి తాళాలు జేబులో వేసుకుంది. తర్వాత బయటికొచ్చి ఖాళీ అద్దానికి వీపు పెట్టి నిలబడింది.

చైర్మన్ మాస్కు గడ్డం కిందికి లాక్కుని, కత్తెర అందుకుని, లోపలికి చూశాడు. "చింపాంజీలేవి?"

క్యూరేటర్ ఆమె దగ్గరికి వచ్చి, మెల్లగా, "వదినా, తాళాలివ్వండి," అన్నాడు.

"ఇన్నేళ్ళలో ఎప్పుడూ పిలవలేదు, ఇప్పుడు వదిన్నయ్యానా సార్? ఇవ్వను."

టీవీ వాళ్ళ కెమెరా ఇటు తిరిగింది. వదిన గొంతు పెంచింది. పంతొమ్మిదేళ్ళుగా నాలుగు ప్రాణుల మీద అరిచి అరిచి రాటుదేలిన గొంతు అది. మైకు అక్కర్లేదు.

"ఇక్కడ నాలుగుండేవి. పెద్దది చచ్చిపోయింది. ముసలితనం వల్ల కాదు. జూ మూసి ఉన్నప్పుడు ఈ చైర్మన్ గారు కుటుంబంతో వెనక తలుపులోంచి వచ్చి, మాస్కుల్లేకుండా దాని మూతి దగ్గర దగ్గి, బిస్కెట్ పెట్టి వెళ్ళారు. మా అక్క చచ్చిపోతుంటే రూలు అని నన్ను ఆపిన మనిషే ఆ తలుపు తీయించాడు. ఇప్పుడు నేనంటించానంటున్నారు. తప్పు చేసినవాళ్ళే వచ్చి రిబ్బన్ కత్తిరిస్తే, ఆ మూడింటినీ బొమ్మల్లా నిలబెట్టమంటున్నారు. నేను నిలబెట్టను."

"అబద్ధం!" అన్నాడు చైర్మన్. "అడగండి, ఎవర్నైనా అడగండి."

నిచ్చెన అక్కడే, క్యూ సరిచేస్తూ, అందరికన్నా ఎత్తుగా కనిపిస్తూనే ఉన్నాడు. వదిన అతని వంకే చూసింది. అతను పక్కకి చూశాడు. ఒక్క మాట, ఒక్క తల ఊపు చాలు. అదీ లేదు.

డాక్టరు జనంలోంచి ముందుకొచ్చింది. "మిగతా మూడూ ఇంకా పూర్తిగా కోలుకోలేదు. తెరవొచ్చని నేను సంతకం పెట్టలేదు. పెట్టను," అంది, ఎప్పటి మెత్తటి గొంతుతోనే. ముందు వరసలో ఉన్న ఒక తల్లి తన కొడుకు భుజం పట్టుకుని తాడు దగ్గర్నుంచి వెనక్కి లాగింది. ఆమెని చూసి పక్కవాళ్ళూ జరిగారు. చైర్మన్ కత్తెర పళ్ళెంలో పడేసి కారు వైపు నడిచాడు.

వదినని నెల రోజులు సస్పెండ్ చేశారు. మెమో వెనక్కి తీసుకున్నారు గానీ, ఆమె తప్పు లేదని ఎక్కడా రాయలేదు. 'కారణం నిర్ధారణ కాలేదు' అని రాశారు. చైర్మన్ చైర్మన్ గానే ఉన్నాడు. క్యూరేటర్ బదిలీ మీద ఇంకో పెద్ద జూకి వెళ్ళాడు. చింపాంజీల ఇంటి ముందు మాత్రం ఆరు మీటర్ల కంచె పడింది. అది పడ్డాకే ఆ ఇల్లు తెరిచారు. నెల తర్వాత వదిన పనిలోకి వస్తే జింకల దొడ్డికి వేశారు.

అక్కడ చేరిన వారానికి నిచ్చెన వచ్చాడు. దొడ్డి కంచె అవతలే ఆగాడు.

"చింపాంజీల్లో చిన్నది మందు తాగట్లేదు వదినా. మూడు రోజులైంది. చేత్తో పట్టిస్తే ఉమ్మేస్తోంది."

వదిన గడ్డి పరుస్తూనే ఉంది.  అతను కదల్లేదు.

"కాంట్రాక్టు పొడిగించారా?"

"ఏడాదికి."

"బాగుంది."

ఆ ఒక్క మాటకి అతని మొహం పాలిపోయింది. "మీరు తిట్టండి వదినా. కొట్టండి. ఇలా మాట్లాడకండి. ఆ రోజు నోరు తెరుద్దామనే అనుకున్నాను. రాలేదు."

"రాలేదు. వచ్చి ఉంటే ఆ కాగితం మీద కారణం నిర్ధారణ అయ్యేది." గడ్డిమోపు నేలకేసి కొట్టింది. జింకలు బెదిరి అవతలి మూలకి పరిగెత్తాయి. ఆమె వాటి వంక చూసి, గొంతు తగ్గించింది. తగ్గించినా అందులో వేడి తగ్గలేదు. "చేత్తో ఇస్తే తాగదు అది. ఆపిల్ ముక్క మధ్యలో గుంట చేసి, అందులో పోసి, ముందు నువ్వు ఇంకో ముక్క తింటున్నట్టు నటించు. నీ చేతిలోది లాక్కుని తింటుంది. రెండు పూటలా అంతే. మర్చిపోకు."

"సరే వదినా."

"అలా మొహం వెలిగించుకోకు. నీ మీద కోపం పోలేదు. పోదు కూడా. వెళ్ళు, ముందు దానికి మందు పట్టించు."